290 కిలోమీటర్లకు హైదరాబాద్ మీదుగానా?

భారత ప్రభుత్వ పౌర విమానయాన మంత్రిత్వ శాఖ వారికి,
రాజీవ్ గాంధీ భవన్, న్యూఢిల్లీ.



మా ఊరి విమానం ఎందుకు ఆగిపోయిందని పార్లమెంటులో ఏ సభ్యుడు లేచి అడిగినా మీరిచ్చే జవాబు మాకు కంఠతా వచ్చేసింది. 1994లో ఎయిర్ కార్పొరేషన్ల చట్టం రద్దయింది, నాటి నుంచి దేశీయ విమానయానం మీద ప్రభుత్వ నియంత్రణ లేదు, ఎక్కడి నుంచి ఎక్కడికి నడపాలన్నది లాభనష్టాలు చూసుకుని సంస్థలే తేల్చుకుంటాయి. ఇంతే. సభ్యుడు కూర్చుంటాడు, తరువాతి ప్రశ్నకు వెళతారు. ఆ జవాబు మీద నాకు అభ్యంతరం ఉంది. విజయవాడ విమానాశ్రయం ఉన్న గన్నవరం చుట్టుపక్కల బతుకుతూ, ఆ రన్‌వే మీద ఎవరు దిగుతున్నారో, ఎవరు దిగలేకపోతున్నారో చూస్తున్నవాడిగా ఆ అభ్యంతరాన్ని నలుగురి ముందూ పెడుతున్నాను.

2025 ఏప్రిల్‌లో భీమిలి శాసనసభ్యుడు గంటా శ్రీనివాసరావు గారు సామాజిక మాధ్యమంలో పెట్టిన గోడు మీ దృష్టికి వచ్చే ఉంటుంది. విశాఖలో ఉదయం ఎనిమిదింటికి బయల్దేరి హైదరాబాద్‌లో దిగి, అక్కడ ఇంకో విమానం పట్టుకుని గన్నవరం చేరేసరికి మధ్యాహ్నం ఒంటి గంట అయిందని ఆయన చెప్పుకున్నారు. విశాఖ–విజయవాడ మధ్య ఉదయం పూట సర్వీసులు రద్దయ్యాయి, మంగళవారం కాబట్టి వందే భారత్ కూడా లేదు. సొంత రాష్ట్ర రాజధానికి రావడానికి పక్క రాష్ట్ర రాజధానిలో దిగాల్సి వచ్చింది. ముక్కు ఎక్కడుందంటే తల చుట్టూ చేయి తిప్పి చూపించినట్టు.

ఆ తిప్పుడు ఎంతో లెక్క వేసి చూశాను. విమానాశ్రయాల అక్షాంశ రేఖాంశాలు పెట్టుకుని కొలిస్తే విశాఖ నుంచి హైదరాబాద్ వారి శంషాబాద్‌కు గాలిదారి సుమారు 510 కిలోమీటర్లు, శంషాబాద్ నుంచి గన్నవరానికి సుమారు 265. మొత్తం 775. నేరుగా అయితే 290. అంటే దాదాపు 500 కిలోమీటర్ల అదనపు ప్రయాణం, దాని ఇంధనం, దాని టికెట్టు, ఆ మధ్యలో ఎదురుచూపు, ఇవన్నీ ప్రయాణికుడి నెత్తినే.

2025 జూన్ 1 నుంచి విశాఖ–విజయవాడ ఉదయం సర్వీసు మళ్ళీ మొదలైంది. సంతోషమే. కానీ ఒక ప్రశ్న మిగిలిపోయింది. గోడు వెళ్ళబోసుకున్నది మాజీ మంత్రి, అధికార పక్ష శాసనసభ్యుడు. శాఖ మంత్రి శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారిదీ అదే పార్టీ, అదే ఉత్తరాంధ్ర. ఎచ్చెర్ల నుంచి హైకోర్టు వాయిదాకు రావాల్సిన కక్షిదారు అదే మాట రాసుంటే విమానం ఎన్నాళ్ళకు వచ్చేది? అసలు వచ్చేదా? అంతకు ముందు, 2024 అక్టోబరులో, ఇదే విశాఖ–విజయవాడ మార్గంలో రెండు కొత్త సర్వీసులను మంత్రిగారే ఆర్భాటంగా ప్రారంభించారు. ఆరు నెలలు తిరిగేసరికి ఉదయం పూట ఒక్కటీ దొరకని పరిస్థితి ఎందుకొచ్చిందో మీలో ఎవరైనా ప్రజలకు వివరించారా? ప్రారంభానికి జ్యోతి వెలిగించే ఆచారం ఉంది గానీ, ఆపేసే రోజున ఒక ముక్క చెప్పే ఆచారం ఎందుకు లేదు?

ఒకసారి గన్నవరాన్ని మధ్యలో పెట్టి పటం చూడండి. విశాఖ 290 కిలోమీటర్లు అన్నాను కదా. పడమరగా కర్నూలు వారి ఓర్వకల్లు సుమారు 295. కడప సుమారు 310. తిరుపతి వారి రేణిగుంట సుమారు 350. శంషాబాద్ 265. అన్నీ గాలిదారి లెక్కలే. దిక్కులు వేరు గానీ దూరాలు దాదాపు ఒకటే. ఎగరడానికి పట్టే సమయంలోనూ పది పదిహేను నిమిషాలకు మించి తేడా రాదు. అయినా ఈ అయిదింటిలో రోజుకు పలుమార్లు, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి విమానం ఉండేది ఒక్క శంషాబాద్‌కే. మిగతావాటికి ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. కొన్నిటికైతే వారానికి కొన్ని రోజులే.

కాబట్టి దూరం తక్కువ, గిట్టుబాటు కాదు అనే వాదన ఇక్కడ నిలవదు. అన్నిటికంటే తక్కువ దూరం హైదరాబాద్‌దే. దానికి గిట్టుబాటైనప్పుడు మిగతావాటికి ఎందుకు కాదు? కారణం దూరంలో లేదు, విమానం రాత్రి ఎక్కడ పడుకుంటుందన్న దానిలో ఉంది. ఈ చిన్న దారుల్లో తిరిగే ఏటీఆర్ విమానాలు ఎక్కువగా హైదరాబాద్ కేంద్రంగా నడుస్తాయి. అక్కడ తెల్లవారి లేచి, అక్కడికే చేరి పడుకుంటాయి. గన్నవరం–విశాఖ, గన్నవరం–కడప వంటివి ఆ తిరుగుడులో మధ్యన దొరికే ఖాళీకి తగిలించిన ముక్కలు. హైదరాబాద్ నుంచి వచ్చే విమానం ఆలస్యమైనా, ఆ విమానం ఇంకెక్కడో కావాల్సి వచ్చినా ముందు తెగేది ఈ ముక్కే. పైగా హైదరాబాద్ విమానంలో చాలా సీట్లు ఢిల్లీకో దుబాయికో అమెరికాకో మారేవాళ్ళతో నిండుతాయి. విశాఖ విమానానికి ఆ వెసులుబాటు లేదు, ఎక్కినవాడు దిగేది అక్కడే. వ్యాపారం చేసే సంస్థ ఈ లెక్క వేసుకోవడాన్ని నేను తప్పుపట్టను. సంస్థ లెక్కనే ప్రభుత్వ విధానంగా పార్లమెంటులో చదివి వినిపించడాన్ని తప్పుపడుతున్నాను.

ఇప్పుడు సమయం సంగతి. టికెట్టు మీద గంటా అయిదు, గంటా పది నిమిషాలని ఉంటుంది. ఏటీఆర్ గంటకు దాదాపు 500 కిలోమీటర్ల వేగంతో పోతుంది. పైకెక్కడం, కిందికి దిగడం కలుపుకున్నా గాలిలో ఉండేది ముప్పావు గంట, ఒక అయిదు నిమిషాలు అటూ ఇటూ. మిగతాది నేల మీద పాకుడు, ఆలస్యానికి దాచుకున్న వెసులుబాటు. ఇంత చిన్న దూరంలో జెట్ విమానం పెట్టినా పెద్ద లాభం లేదు. అది పూర్తి ఎత్తుకు చేరిందో లేదో దిగడం మొదలుపెట్టాలి. అందుకే ఈ దారులకు 70, 80 సీట్ల టర్బోప్రాప్‌లే సరి.

కానీ ప్రయాణం అంటే ఆ ముప్పావు గంటేనా? గంట ముందే కౌంటరు మూస్తారు. గుడివాడ నుంచో ఉయ్యూరు నుంచో వచ్చేవాడు ఇంకో గంటా గంటన్నర ముందు ఇల్లు కదలాలి. దిగినవాడు వెలగపూడి సచివాలయానికో నేలపాడు హైకోర్టుకో మంగళగిరి ఎయిమ్స్‌కో చేరాలంటే మరో గంట. ఇంటి గడప నుంచి పని గడప దాకా లెక్కేస్తే విశాఖ–విజయవాడ ప్రయాణం విమానంలో నాలుగు, నాలుగున్నర గంటలు. వందే భారత్ కూడా స్టేషను నుంచి స్టేషనుకు నాలుగు గంటలే. నిజాయితీగా ఒప్పుకుందాం. విశాఖ సిటీలో ఉండి బెజవాడ గవర్నరుపేటలో పని ఉన్నవాడికి రైలే మేలు, ధరలో కూడా.

మరి విమానం ఎవరికి? శ్రీకాకుళం, విజయనగరం నుంచి బయల్దేరేవాళ్ళకు. పొద్దున వచ్చి సాయంత్రం వెళ్ళిపోవాల్సినవాళ్ళకు. ఆరు గంటలు సీట్లో కూర్చోలేని రోగులకు. కాకపోతే వీళ్ళకు వేళ ముఖ్యం, నిమిషాలు కాదు. హైకోర్టు పొద్దున పదిన్నరకు కూర్చుంటుంది. మధ్యాహ్నం గన్నవరంలో దించే విమానం గంటలో వచ్చినా అయిదు గంటల్లో వచ్చినా ఆ కక్షిదారుకు ఒకటే, రోజు పోయినట్టే. మీ పట్టికలో మాత్రం ‘అనుసంధానం ఉంది’ అని గీత పడుతుంది.

కర్నూలు సంగతి చూడండి. నిజానికి విశాఖ కంటే ఓర్వకల్లు సర్వీసుకే నేను ఎక్కువ మార్కులు వేస్తాను. మధ్యలో నల్లమల ఉంది. రైలులో అయితే నంద్యాల మీదుగా డోన్ దాకా పోయి పైకి మళ్ళాలి. బస్సులో అయితే రాత్రంతా ప్రయాణం, మధ్యలో ఘాట్ రోడ్డు. ఇక్కడ విమానం నిజంగా సగం రోజు మిగులుస్తుంది. 2021 మార్చిలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టి ఆ విమానాశ్రయం తెరిచారు. బెంగళూరు, చెన్నై, విశాఖలకు వెంటనే విమానాలు వచ్చాయి. విజయవాడకు రావడానికి 2025 జూలై దాకా, నాలుగేళ్ళకు పైగా పట్టింది. అదీ వారానికి మూడు రోజులు, సాయంత్రపు వేళల్లో. సచివాలయంలో రెండు గంటల పని ఉన్న ఆదోని రైతు సాయంత్రం గన్నవరంలో దిగి, మర్నాడు పని చూసుకుని, ఆ మర్నాడు విమానం దాకా ఆగాలి. రెండు రాత్రులు విజయవాడ లాడ్జి అద్దె కట్టే ఆ మనిషికి గంటలో ఎగిరొచ్చావని మీరు చెప్పగలరా?

భోగాపురం ముచ్చట కూడా ఇక్కడే. ఇప్పటి విశాఖ విమానాశ్రయం నౌకాదళం వారి ఐఎన్‌ఎస్ డేగలో ఉంది, ఆంక్షలు సహజం. అల్లూరి సీతారామరాజు పేరుతో భోగాపురంలో కడుతున్నది ఆ ఇబ్బంది తీరుస్తుంది. గాలిదారి మహా అయితే 40 కిలోమీటర్లు పెరుగుతుంది, అయిదారు నిమిషాలు. కానీ విశాఖ నగరవాసికి నేల మీద 40, 50 కిలోమీటర్లు కొత్తగా చేరతాయి. శ్రీకాకుళం వాసికి అంతకంటే ఎక్కువే తగ్గుతాయి. అంటే గన్నవరం విమానం ఎక్కే మనుషులే మారిపోతారు. వాళ్ళ అవసరం ఏమిటి, ఏ వేళకు కావాలి అని ఎవరైనా లెక్క తీశారా? లేక అక్కడ కూడా జ్యోతి వెలిగించాక చూసుకుందామనా?

నియంత్రణ లేదన్న మీ మాటకే మళ్ళీ వస్తాను. 1994 మార్చిలోనే, ద్వారాలు తెరిచిన ఆ రోజుల్లోనే, మీ శాఖ రూట్ డిస్పర్సల్ మార్గదర్శకాలు ఇచ్చింది. ఢిల్లీ–ముంబై వంటి లాభాల దారుల్లో నడిపే సామర్థ్యంలో కనీసం పది శాతాన్ని ఈశాన్య రాష్ట్రాలకు, జమ్మూ కశ్మీర్‌కు, అండమాన్‌కు, లక్షద్వీప్‌కు నడిపి తీరాలని షరతు పెట్టింది. లాభం ఉన్నచోటే తిరుగుతామంటే కుదరదని ముప్పై ఏళ్ళ కిందటే చెప్పిన శాఖ మీది. అది మంచి పని. మరి ఆ సూత్రమే మీ దగ్గర ఉన్నప్పుడు, మేం అడిగినప్పుడు మాత్రం చేతులెత్తేయడం ఎందుకు? ఆ మార్గదర్శకాల్లో మా దారులు ‘మిగతావి’ అనే మూడో వర్గంలో పడతాయి. ఆ వర్గం ఎంత పెద్దదంటే అందులో ఏ దారి వదిలేసినా ఇంకోచోట పూడ్చుకోవచ్చు. విశాఖ–గన్నవరం వదిలేసి ఇంకే రాష్ట్రంలోనో నాలుగు విమానాలు పెంచితే మీ లెక్క సరిపోతుంది. మా లెక్క?

అమెరికా 1978లో విమానయానం మీద నియంత్రణ ఎత్తేసినప్పుడు, అదే చట్టంలో చిన్న ఊళ్ళకు అత్యావశ్యక విమాన సేవ అనే ఏర్పాటు పెట్టుకుంది. సంస్థలు వదిలేసే ఊరికి ప్రభుత్వం డబ్బిచ్చి కనీస సర్వీసు నడిపిస్తుంది. స్వేచ్ఛావాణిజ్యానికి పుట్టిల్లని చెప్పుకునే దేశమే అంత జాగ్రత్త పడింది.

మనకూ ప్రాంతీయ విమానాల పథకం ఉడాన్ ఉంది కదా అంటారు. ఉంది. 2017 ఏప్రిల్ 27న సిమ్లాలో ప్రధాని తొలి ఉడాన్ విమానానికి జెండా ఊపిన రోజే కడప–హైదరాబాద్ సర్వీసూ మొదలైంది. అప్పటి శాఖ మంత్రి మా విజయనగరం అశోక్ గజపతిరాజు గారు. గంట ప్రయాణానికి, దాదాపు 500 కిలోమీటర్ల దూరానికి 2,500 రూపాయలు అన్నది ఆ పథకపు పేరుమోసిన మాట. దూరాన్నీ సమయాన్నీ కలిపి సామాన్యుడికి అర్థమయ్యేలా ధర కట్టిన మొదటి సర్కారీ మాట అదేనేమో, నాకు నచ్చింది కూడా. కానీ ఆ పథకంలోకి రావాలంటే దారికి ఒక చివరైనా విమానాలు లేని, లేదా మరీ తక్కువగా ఉన్న ఊరై ఉండాలి. కడపకు, కర్నూలుకు వర్తించింది. విశాఖ, గన్నవరం రెండూ బాగా నడుస్తున్న విమానాశ్రయాలు కాబట్టి ఆ రెంటి మధ్య దారికి వర్తించదు. రెండు చివర్లలోనూ సందడి ఉంది, మధ్య దారి మాత్రం ఎండిపోయింది. ఈ సందును మీరు ఏ పథకంతో పూడుస్తారు?

సాయం దొరికిన దారుల గతీ గొప్పగా లేదు. మీ పథకం మీద కాగ్ 2023లో ఇచ్చిన నివేదిక తీసి చదవండి. మూడో విడత దాకా 774 దారులు కేటాయిస్తే 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్ళ గడువు పూర్తి చేసినవి 112. ఆ తరువాత కూడా 2023 మార్చి నాటికి నడుస్తున్నవి 54. కడప–విజయవాడ మీద ముందు ట్రూజెట్ తిరిగింది, అది చతికిలబడ్డాక ఇండిగో వచ్చింది, అదీ రాష్ట్ర ప్రభుత్వం లోటు పూడుస్తానన్నాకే. గన్నవరం నుంచి 2018 డిసెంబరులో మొదలైన సింగపూర్ సర్వీసు కూడా అంతే. రాష్ట్రం డబ్బు కట్టినన్నాళ్ళూ ఎగిరింది, 2019 నడిమికి ఆగింది. 2025 బడ్జెట్లో ఉడాన్‌ను సవరించి పదేళ్ళలో 120 కొత్త గమ్యాలు కలుపుతామన్నారు. కొత్తవాటి సంఖ్య చెప్పారు గానీ పాతవి నిలబడే దారి ఏది?

ఉడాన్ సాయానికి డబ్బు ఎక్కడిది? గన్నవరం నుంచి ఢిల్లీకో ముంబైకో ఎగిరే ప్రతి పెద్ద విమానం మీద ప్రాంతీయ అనుసంధాన సుంకం పడుతుంది, అది టికెట్టు ధరలోకే చేరుతుంది. అంటే డెల్టా ప్రయాణికుడు ప్రాంతీయ విమానాలకు చందా కడుతూనే ఉన్నాడు. తన ప్రాంతంలో తిరిగే హక్కు మాత్రం ఆ రసీదులో లేదు.

ధరల మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. 2020 మే నెలలో, కోవిడ్ తరువాత విమానాలు మళ్ళీ లేచినప్పుడు మీరు దేశంలోని దారులన్నిటినీ నిమిషాల లెక్కన ఏడు తరగతులుగా విడగొట్టారు. 40 నిమిషాల లోపు ఒకటి, 40 నుంచి 60 దాకా ఇంకొకటి, అలా. ప్రతి తరగతికీ కనిష్ఠ, గరిష్ఠ ధరలు పెట్టారు, రెండేళ్ళకు పైగా అమలు చేశారు. మొన్న 2025 డిసెంబరులో దేశంలోని అతిపెద్ద సంస్థ విమానాలు వేలల్లో రద్దయినప్పుడు రోజుల వ్యవధిలోనే ధరల మీద పరిమితి పెట్టారు, 500 కిలోమీటర్ల లోపు 7,500 రూపాయలని. ఆ సంస్థ సర్వీసుల్లో పది శాతం కోత పెట్టమని ఆదేశించారు. మరి నియంత్రణ లేనిది ఎక్కడ? మీకు అధికారం ఉంది, కొలబద్ద ఉంది, తలచుకుంటే వేగమూ ఉంది. లేనిది మా దారిని కూడా అత్యవసరంగా చూసే తలంపు.

అసలు తంటా మీ పరిహారం నిబంధనలో ఉంది. విమానం రద్దయితే గంట లోపు ప్రయాణానికి 5,000 దాకా, రెండు గంటల లోపు దానికి 7,500 దాకా ప్రయాణికుడికి ఇవ్వాలని పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ (డీజీసీఏ) రాసింది. మంచిదే. కానీ రెండు వారాల ముందు చెబితే ఆ పరిహారం అక్కర్లేదు, డబ్బు వాపసు ఇచ్చినా చాలు. ఒక విమానం ఒక రోజు రద్దైతే సంస్థకు ఖర్చు. దారికి దారే ఎత్తేస్తే? రెండు వారాలు ముందు ఒక సందేశం పంపితే పైసా ఖర్చు లేదు. పెద్ద తప్పుకు తక్కువ శిక్ష పడే ఈ ఏర్పాటు మీకెప్పుడూ వింతగా అనిపించలేదా?

సందేహం అడిగేవాళ్ళు ఉన్నారు, మా ఊళ్ళోనే. రైళ్ళు వేగం పెంచుకుంటున్నాయి, చిన్న దూరాలకు విమానం దండగ, కాలుష్యం కూడా అని. నేను కొట్టిపారేయను. ఫ్రాన్సు 2023లో కొన్ని చిన్న విమాన దారులను చట్టంతో నిషేధించింది. కానీ అక్కడి షరతు ఏమిటి? రెండున్నర గంటల లోపు చేర్చే రైలు ఉండాలి, అదీ రోజుకు చాలాసార్లు ఉండాలి. రేపు విశాఖ–విజయవాడ మధ్య అలాంటి రైలు పెట్టండి. ఆ రోజు గన్నవరం విమానం ఆపేయమని నేనే సంతకం పెడతాను. నాలుగు గంటల రైలు వారానికి ఒక రోజు సెలవు తీసుకునే చోట, కర్నూలుకు ఆ మాత్రం రైలు కూడా లేని చోట ఆ వాదన ముందే తెచ్చి పెట్టడం అన్యాయం. పైగా కాలుష్యం మాటైతే, 290 పోయేచోట 775 తిప్పడం ఏ లెక్కన పచ్చదనం?

గన్నవరం రన్‌వే 2,286 మీటర్లు ఉండేది. దాన్ని 3,360 మీటర్లకు పెంచారు. అందుకోసం బుద్ధవరం, కేసరపల్లి, అజ్జంపూడి రైతులు అమరావతి తరహా భూసమీకరణలో పొలాలు ఇచ్చారు. ఏలూరు కాలువను పక్కకు మళ్ళించాల్సి వచ్చింది. డెల్టాలో కాలువ కిందున్న మాగాణి అంటే ఏమిటో మీ భవనంలో ఎవరికైనా తెలిసి ఉంటే ఇంతకంటే చెప్పనక్కర్లేదు. ఏటీఆర్ ఎగరడానికి ఆ కొత్త పొడవు అక్కర్లేదు; దానికి 1,400 మీటర్లుంటే సరిపోతుంది. 2003లో ఎయిర్ డెక్కన్ హైదరాబాద్ నుంచి ఇక్కడికి నడిపినప్పుడు పాత రన్‌వేనే చాలింది. రైతులు పొలాలిచ్చింది పెద్ద విమానాల కోసం, అంతర్జాతీయ హోదా కోసం. హోదా 2017లో వచ్చింది. అంత పెద్ద రన్‌వే ఉన్న ఊరి నుంచి పక్క జిల్లాల వాళ్ళను తెచ్చి దించే చిన్న విమానానికి భరోసా లేదంటే ఆ మూడు ఊళ్ళ వాళ్ళకు ఏమని చెప్పమంటారు? 

గన్నవరం విమానాశ్రయం నడిపేది ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ, మీ సొంత సంస్థ. వేసవి, శీతాకాల పట్టికలను ఆమోదించేది డీజీసీఏ, అదీ మీ కిందదే. 80 సీట్ల లోపు విమానాలకు ల్యాండింగ్ రుసుము మినహాయించిందీ మీ ప్రభుత్వమే. అంటే ఈ దారి మీద అడుగడుగునా మీరే ఉన్నారు. అందుకే అడుగుతున్నాను.

మార్చి ఆఖరి ఆదివారం, అక్టోబరు ఆఖరి ఆదివారం పట్టికలు మారతాయి. ఒకసారి పట్టికలో పెట్టిన రాష్ట్రాంతర్గత సర్వీసును ఆ సీజను మధ్యలో ఎత్తేయకూడదని, ఎత్తేయాలంటే ఒక సీజను ముందు బహిరంగంగా కారణం చెప్పాలని నిబంధన పెట్టండి. రెండు ఏటీఆర్‌లు రాత్రిపూట ఈ రాష్ట్రంలోనే, ఒకటి గన్నవరంలో, ఒకటి విశాఖలోనో భోగాపురంలోనో నిలిపేలా పార్కింగ్ రుసుములో వెసులుబాటు ఇవ్వండి; అప్పుడు రెండు వైపులా ఉదయం విమానం హైదరాబాద్ దయ మీద ఆధారపడదు. కర్నూలు, కడప సర్వీసుల వేళలు సచివాలయం, హైకోర్టు పనివేళలకు సరిపడేలా మార్చమని, లోటు పూడ్చే డబ్బు ఇచ్చేటప్పుడే ఒప్పందంలో రాయించండి. రెండు చివర్లా విమానాలున్న దారికి సాయం ఇవ్వకూడదన్న నిబంధనను, ఒక చివర రాష్ట్ర రాజధాని విమానాశ్రయం అయినప్పుడైనా సడలించండి. ఇవేవీ కొత్త చట్టం కోరేవి కావు.

తిరుపతి గురించి వివరంగా రాయలేదు. రేణిగుంట మీదుగా చెన్నై పోయే వందే భారత్ ఉంది, రాత్రి రైళ్ళున్నాయి, కొండకు పోయేవాడు ఎలాగైనా పోతాడు. ముందు కోర్టుకు, ఆసుపత్రికి, ఆఫీసుకు పోవాల్సినవాడి సంగతి తేల్చండి.

వచ్చే సీజను పట్టిక మీద డీజీసీఏ ముద్ర పడే ముందు దీనికి జవాబు కావాలి. 1994 నుంచి నియంత్రణ లేదు అన్న వాక్యంతో మొదలుపెట్టకుండా రాయగలరా?

భవదీయుడు,
గన్నవరం ప్రాంత ప్రయాణికుడు,
కృష్ణా జిల్లా.